కడుపుతో ఉండగా ఇల్లు మారాల్సి వస్తే

నరసాపురం వైపు కాలువ గట్టు పేటల్లో ఆశా కార్యకర్తగా తిరుగుతుంటాను. మా దగ్గర ఇళ్లు కదలడానికి కారణాలకు కొదవ లేదు. గట్టు ఖాళీ చేయమని నోటీసొస్తుంది. లంకల్లో గోదావరి ఒడ్డు కోసుకుపోతుంది. టౌన్లో రోడ్డు వెడల్పయ్యాక అద్దె పెరుగుతుంది. అప్పుడు అందరూ రేకులు, మంచాలు, గేదె గురించే మాట్లాడుకుంటారు. ఆ ఇంట్లో నెలలు మోస్తున్న పిల్ల సంగతి ఎవరికీ గుర్తుండదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఇది ఒక్క అలసటతో పోయే విషయం కాదండి. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో 2000 నుంచి 2016 వరకు జరిగిన కాన్పులను పరిశీలించారు. గర్భంతో ఉండగా ఇల్లు ఖాళీ చేయించే కేసు ఎదుర్కొన్న తల్లుల్లో, వేరే సమయంలో ఎదుర్కొన్న వాళ్లకంటే నెలలు నిండకుండా కాన్పవడం, బిడ్డ బరువు తగ్గడం ఎక్కువగా కనిపించాయి. మన ఊళ్లు వేరు, చట్టాలు వేరు. టెన్షన్, తిండి తప్పడం, చెకప్‌లు ఆగిపోవడం మాత్రం ఇక్కడా ఉన్నవే.

సామాను కట్టకముందే తల్లీబిడ్డ కార్డు, స్కానింగ్ రిపోర్టులు, బ్యాంకు పాస్‌బుక్, ఆధార్ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి చేతిసంచిలో ఉంచుకోండి. ట్రంకు పెట్టెలో వేశారంటే ట్రాక్టర్ దిగాక వారం దాకా దొరకవు. కార్డు మీద ఉండే ఆర్‌సీహెచ్ నంబరు, అంటే గర్భిణిగా మీ పేరు నమోదు చేసినప్పుడు ఇచ్చే నంబరు, ఫోన్లో ఫొటో తీసుకోండి. ఆ నంబరుంటే కొత్త ఊరి ఏఎన్ఎమ్, అంటే నర్సమ్మ, మీ పాత వివరాలు చూడగలరు. ధనుర్వాతం టీకా ఎప్పుడు వేశారు, రక్తం (హిమోగ్లోబిన్) ఎన్ని పాయింట్లుంది అన్నవి మళ్లీ మొదటి నుంచి అడగరు. ఐరన్ బిళ్లలు కనీసం నెలకు సరిపడా అడిగి తీసుకోండి. గర్భిణులకు 180 రోజులు వాడమంటారు. ఇల్లు మారే హడావుడిలో ముందు ఆగిపోయేది ఈ బిళ్లే. రక్తం 11 పాయింట్ల లోపుంటే అది తక్కువే, 7 లోపుకి పడితే ఆసుపత్రిలో చూపించాల్సిందే.

కొత్త చోటికి వెళ్లాక ముందు అంగన్‌వాడీ ఎక్కడుందో కనుక్కోండి. ఆధార్‌లో పాత అడ్రస్సే ఉందని వెనకాడకండి. పేరు ఒక కేంద్రం నుంచి మరో కేంద్రానికి ఆన్‌లైన్లో మార్చుకునే వీలుంది. పాత టీచరమ్మకు ఫోన్ చేసి అడగండి. మీ పాలు, గుడ్లు ఆగవు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఎక్కువ బెంగ కలిగించే మాట చెబుతాను. ఊళ్లో సెంటున్నర, టౌన్లో సెంటు చొప్పున ప్రభుత్వం స్థలాలిచ్చిన లేఅవుట్లలో కొన్ని పల్లపు చేలల్లో ఉన్నాయి. ఒక ఇంటికెళ్తే, పునాది నడుము ఎత్తున లేచింది, మెట్లు మాత్రం కట్టలేదు. ఏడో నెల పిల్ల తాటిదుంగ మీద అడుగేసి, గుమ్మం పట్టుకుని ఎక్కుతోంది. బాత్రూముకి గోడలు లేచాయి, తలుపు లేదు. చీకటి పడేదాకా బయటికి వెళ్లడం కుదరదని ఆ అమ్మాయి పగలంతా గుక్కెడు నీళ్లే తాగుతోంది. దీనివల్ల మూత్రంలో ఇన్‌ఫెక్షన్ రావచ్చు, అది ముదిరితే నొప్పులు ముందే మొదలవచ్చు. అత్తగారికి, భర్తకి చెప్పేదొకటే: గృహప్రవేశం తర్వాత చూసుకోవచ్చు, ముందు బాత్రూముకు తలుపు, గుమ్మానికి రెండు మెట్లు పెట్టించండి. మూత్రంలో మంటగా ఉంటే సిగ్గుపడకుండా ఏఎన్ఎమ్‌కి చెప్పమ్మా.

నీళ్లు కూడా చూడాలి. సముద్రం వైపు, రొయ్యల చెరువుల మధ్య బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. బంగ్లాదేశ్ తీరంలోని దాకోప్ ప్రాంతంలో జరిపిన అధ్యయనంలో, ఉప్పు నీళ్లు తాగే గర్భిణుల్లో బీపీ సమస్యకు, ఆ నీళ్లకు సంబంధం కనిపించింది. తాగడానికీ వంటకీ ఆ బోరు నీళ్లు వాడకండి, మంచినీళ్ల టిన్ను తెచ్చుకోండి. ఖర్చే, కాదనను. తలనొప్పి, కళ్లు మసకలు, మొహం చేతులు వాయడం, రక్తం కనబడటం, ఉమ్మనీరు పోవడం, బిడ్డ కదలికలు తగ్గడం... వీటిలో ఏదొచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు.

108కి ఫోన్ చేసినప్పుడు కొత్త కాలనీ పేరు చెబితే డ్రైవరుకి తెలియకపోవచ్చు. గుడో, వంతెనో, రైసుమిల్లో గుర్తు చెప్పండి. వానాకాలంలో బండి ఎక్కడిదాకా వస్తుందో పగలే నడిచి చూసుకోండి. లంకల్లో ఉన్నవాళ్లయితే ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మొదటి హెచ్చరిక ఇవ్వగానే, అంటే వరద 10 లక్షల క్యూసెక్కులకు చేరగానే బయల్దేరాలి. పడవ కోసం చూడాల్సిన రోజు రాకూడదు.

ఖాళీ చేయమన్న తేదీ కాన్పు తేదీకి దగ్గరగా ఉంటే గడువు అడగండి. అర్జీకి తల్లీబిడ్డ కార్డు జిరాక్సు జత చేసి అర్జీలు తీసుకునే సోమవారం నాడు కలెక్టరేట్‌లో ఇచ్చి, రసీదు తీసుకోండి. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కుంది. 15100కి ఫోన్ చేస్తే దారి చెబుతారు.

కాన్పయ్యాక ఇంటికి దింపే తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ వాళ్లకు కొత్త అడ్రస్సే ఇవ్వండి. ఆసుపత్రిలో కాన్పయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆశా ఇంటికి రావాలి. కొత్త పేట ఆశా నంబరు కాన్పుకి ముందే రాసుకుని, మూడో రోజు ఆమె రాకపోతే మీరే ఫోన్ చేయండి.