పదేళ్లు దాటిన పిల్లలకు చేతిఖర్చు అప్పగించడం ఎలా?

పిల్లలు తమ పనులు తామే చేసుకోవాలని అందరూ అంటారు గాని, డబ్బు దగ్గరికి వచ్చేసరికి ఇంజనీరింగులో చేరిన కొడుక్కి కూడా అడిగినప్పుడల్లా యాభయ్యో వందో తీసిచ్చే ఇళ్లే ఎక్కువ. అలా పెరిగిన పిల్లలకు అడగడంలో నేర్పు వస్తుంది తప్ప ఖర్చు పెట్టడంలో రాదు. ఈ పనికి సరైన వయసు పదేళ్లు. పదో తరగతి అయ్యాక చూద్దామనుకుంటే ఆలస్యమైనట్టే.

ముందుగా ఖర్చులను విడదీయాలి. ఫీజు, బస్‌పాస్, మందులు, భోజనం పెద్దలవి. చిరుతిళ్లు, పెన్నులు, స్నేహితుల పుట్టినరోజు కానుకలు పిల్లలవి. గత నెలలో వీటికి ఎంతైందో లెక్కగట్టి అంతే ఇవ్వాలి. ఎనిమిదో తరగతి వరకు వారానికొకసారి, ఆ తరువాత నెలకొకసారి, నోట్ల రూపంలోనే, అదీ ఆదివారం ఉదయమే ఇవ్వాలి. సోమవారం బడి హడావుడిలో ఇచ్చిన డబ్బుకు విలువ ఉండదు.

తరువాత బ్యాంకు ఖాతా. పదేళ్లు దాటిన మైనర్లు సొంతంగా సేవింగ్స్ ఖాతా నడుపుకోవడానికి రిజర్వ్ బ్యాంకు 2014లోనే వీలు కల్పించింది. 2025 ఏప్రిల్‌లో ఆ నిబంధనలను సవరించింది. ఎంత మొత్తం వరకు అనుమతించాలి, ఏటీఎం కార్డు ఇవ్వాలా వద్దా అన్నది ఆయా బ్యాంకుల నిర్ణయం. స్టేట్ బ్యాంకులో దీనిని ‘పెహ్లీ ఉడాన్’ అంటారు. ఆధార్, ఫోటోలు, పుట్టినతేదీ పత్రం తీసుకొని వెళ్లి, ఫారాన్ని పిల్లల చేతనే నింపించాలి. సంతకాన్ని మాత్రం ఇంట్లో ముందుగానే సాధన చేయించాలి, ఎందుకంటే ఈ వయసులో చేతిరాత మారుతూ ఉంటుంది. ఒకసారి విడి అక్షరాలతో, మరోసారి కలిపి రాస్తే కౌంటరు దగ్గర విత్‌డ్రాయల్ ఫారం తిరిగి చేతికొస్తుంది.

అసలు చిక్కు ఇరవయ్యో తేదీన మొదలవుతుంది. డబ్బు అయిపోతుంది, రేపు స్నేహితురాలి పుట్టినరోజు ఉంటుంది, పిల్ల వంటింటి గడప దగ్గర నిలబడి కొంగు లాగుతూ మాట ఎలా ఎత్తాలా అని చూస్తూ ఉంటుంది. అంతవరకు అన్నీ సరిగ్గా చేసిన తల్లిదండ్రులు కూడా ఇక్కడే పాడుచేస్తారు. పోనీలే అని వంద ఇచ్చారంటే అప్పటిదాకా ఇచ్చినదంతా వృథా. వచ్చే నెలలో తగ్గించుకుంటానని అప్పుగా ఇవ్వడం ఇంకా తప్పు, ఎందుకంటే వచ్చే నెల మొదటి తేదీకే కొరత మొదలవుతుంది. అలాగని “నేను ముందే చెప్పలేదా” అని దెప్పడమూ కూడదు. అలా అన్న ఇంట్లో పిల్లలు మరుసటిసారి డబ్బు అయిపోయిన సంగతే దాచిపెడతారు. “నీ దగ్గర ఎంత ఉంది?” అని ఒక్క మాట అడిగి, “దానితో ఏం చేయవచ్చో చూడు” అని చెప్పి మీ పని మీరు చూసుకోవాలి. నలభై రూపాయలే ఉంటే ఇంకో ఇద్దరితో కలిసి ఒక పెన్నుల సెట్టు కొంటుంది, లేదా రాత్రి కూర్చొని కార్డు తయారు చేస్తుంది. డబ్బు పోగొట్టుకున్నా ఇదే పద్ధతి. అమ్మమ్మకూ తాతయ్యకూ ఈ సంగతి ముందే చెప్పి ఉంచాలి. సంక్రాంతికి వారు చేతిలో పెట్టే నోటు పిల్లలదే. ఇరవయ్యో తేదీన చాటుగా అందించే నోటు మాత్రం పనికిరాదు.

ఖర్చుల పుస్తకం రాయించి వారం వారం తనిఖీ చేయడం కొందరు గొప్పగా చెప్పుకుంటారు. దానివల్ల పిల్లలు చిప్స్ డబ్బును జిరాక్స్ కింద రాయడం నేర్చుకుంటారు. మన ఖాతాలోంచి ఇంట్లో మరొకరు ఫోనుతో చెల్లించే ఏర్పాటుగా 2024లో వచ్చిన యూపీఐ సర్కిల్ కూడా ఈ పనికి సరిపోదు. అందులో పూర్తి అధికారం ఇస్తే నెలకు 15,000 రూపాయల వరకు చెల్లించే వీలుంటుంది, అయితే అది తల్లిదండ్రుల ఖాతాలోని డబ్బు. అయిపోయిందన్న స్పృహ పిల్లలకు కలగదు. ఓటీపీ, పిన్ ఎవరికీ చెప్పకూడదని మాత్రం పదే పదే చెప్పాలి.

పద్దెనిమిదేళ్లు నిండగానే బ్యాంకు కొత్త సంతకమూ, కేవైసీ పత్రాలూ అడుగుతుంది. ఆ సంగతి నెల ముందు గుర్తుచేసి, బ్యాంకుకు వారిని ఒంటరిగానే పంపాలి.