సాక్ష్యం చెప్పడం, ఐదో పాఠం: లేని హామీలు ఇవ్వకండి

పోయిన పాఠంలో సాక్ష్యాన్ని మూడు నిమిషాల్లో చెప్పడం నేర్చుకున్నాం. యేసును ఎరగక ముందు ఎలా ఉన్నాను, ఏం జరిగింది, ఇప్పుడెలా ఉన్నాను, అంతే. ఈసారి ఎదుటివాళ్ల ప్రశ్నల గురించి చెప్పాలనుకున్నాను. మీరు రాసిన అనుభవాలు చదివాక అది వాయిదా వేశాను. చాలామంది రాసింది ఒకటే: "బాగానే విన్నారండీ, చివర్లో మొహం మారిపోయింది." చివర్లో మీరేమన్నారో కూడా మీరే రాశారు. తేడా వచ్చింది అక్కడే.

గుంటూరు సోదరి ఒకరు ఆసుపత్రిలో ఓపీ చీటీ కోసం లైన్లో నిలబడి, ముందున్న పెద్దావిడతో మాట కలిపారు. ఆవిడ కోడలికి గర్భం నిలవడం లేదు. స్కానింగ్ కవరు గుండెలకు హత్తుకుని అంతా చెప్పుకొచ్చింది. మన సోదరి తన సాక్ష్యం చక్కగా చెప్పి, చివర్లో "ప్రభువును నమ్ముకోండి పిన్నిగారూ, వచ్చే నెలకల్లా శుభవార్త వింటారు" అన్నారు. నెల గడిచింది. ఆవిడ ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు.

ఎందుకెత్తుతుంది? ఆ మాట ఇచ్చే అధికారం మనకెవరిచ్చారు?

ఈ అలవాటు చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. మిర్చి యార్డులో ఘాటుకు దగ్గుతున్న ముఠా కూలీకి ఆరోగ్యం, బెజవాడలో హాస్టల్లో ఉండి ఈఏపీసెట్‌కి చదివే పిల్లాడికి ర్యాంకు, వడ్డీలు కట్టలేని చిన్న దుకాణదారుడికి అప్పు తీరడం, పెళ్లి కుదరని అమ్మాయి తల్లికి సంబంధం. ఎవరి కష్టం ఏదైతే దానికే హామీ ఇచ్చేస్తాం. వాళ్లు మనసు విప్పి చెప్పుకున్న బాధను మనం బేరానికి వాడుకున్నట్టవుతుంది.

బైబిల్లో కూడా అలా లేదు. అపొస్తలుడైన పౌలు తన శరీరంలోని ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు, అది పోలేదు (2 కొరింథీ 12). ఆయనతో కలిసి సేవ చేసిన తిమోతికి కడుపు జబ్బు, తరచూ బలహీనతలు (1 తిమోతి 5:23). ఆయన వెంట తిరిగిన త్రోఫిము రోగంతో ఉంటే మిలేతు పట్టణంలో విడిచి రావలసి వచ్చింది (2 తిమోతి 4:20). అపొస్తలుడి పక్కనున్నవాళ్లకే దొరకని హామీని లైన్లో పరిచయమైన మనిషికి మనమెలా ఇస్తాం?

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. రాజ్యాంగం 25వ అధికరణ మతాన్ని ప్రచారం చేసుకునే హక్కు ఇచ్చింది. ఎదుటివాళ్లను మతం మార్చడం ఆ హక్కులో భాగం కాదని సుప్రీంకోర్టు 1977లో చెప్పింది. ఇంద్రకీలాద్రి మెట్ల దగ్గర కరపత్రాలు పంచవచ్చా అని ఒకరు అడిగారు. వద్దు. వాళ్లు దర్శనానికి వచ్చారు, వెళ్లనివ్వండి. నేనసలు కరపత్రాలే పట్టుకెళ్లను. మనిషితో కూర్చుని టీ తాగడమే నాకిష్టం.

మరి ఆ పెద్దావిడతో ఏమనాలి? "డాక్టరు మళ్లీ ఎప్పుడు రమ్మన్నారు?" అని అడగాలి. కోడలు అన్నం తింటోందా, కొడుకు ఏమంటున్నాడు, అడగాలి. ఆ తర్వాత, "మీ కోడలి కోసం ప్రార్థన చేయమంటారా?" సరేనంటే అక్కడే మెల్లగా నాలుగు మాటలు, ఆవిడకు వినపడితే చాలు. తల మీద చెయ్యి పెట్టొద్దు, పది మందీ తిరిగి చూసేలా చేయొద్దు. వద్దంటే ఇంటికెళ్లి చేసుకోండి. ఏమవుతుందో మాత్రం చెప్పకండి. "ఏమవుతుందో నాకు తెలియదు పిన్నిగారూ, నా కష్టంలో ఆయన నన్ను వదల్లేదు" అనొచ్చు, అది మీరు అనుభవించిందే కాబట్టి.

డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో లూథరన్ మిషన్ తరఫున గుంటూరు వచ్చారు. తన విశ్వాసాన్ని ఆమె దాచుకోలేదు, వైద్యం మాత్రం అన్ని మతాల ఆడవాళ్లకూ చేశారు. 1898లో మొదలైన ఆసుపత్రికి నేటికీ ఆమె పేరే. మనూళ్లోనే ఇంత మంచి ఉదాహరణ ఉంది.

ఇక అభ్యాసం. ఈ వారమంతా ఎవరికీ సాక్ష్యం చెప్పొద్దు. తెలిసినవాళ్లలో కష్టంలో ఉన్న ఒక్కరి దగ్గర కూర్చుని వినండి. ఇంటికొచ్చి వాళ్లన్నది వాళ్ల మాటల్లోనే నోట్‌బుక్‌లో రాయండి, మీ సలహాలు కలపకుండా. తర్వాత మీ మూడు నిమిషాల సాక్ష్యం మళ్లీ రాయండి. అందులో మీరు అడిగినా ఇంతవరకూ జవాబు రాని ప్రార్థన ఒకటి తప్పకుండా ఉండాలి. కష్టమని తెలుసు, అయినా రాయండి. దాన్ని ఇంట్లో క్రైస్తవులు కాని బంధువు ఎవరైనా ఉంటే వాళ్లకే ముందు చదివి వినిపించండి. ఎక్కడ ఇబ్బందిగా అనిపించిందో అడిగి, ఆ వాక్యం కింద గీత గీయండి. వచ్చేసారి ఆ గీతల దగ్గరే మొదలుపెడదాం.