ప్రకృతి వాలంటీర్ శిక్షణలో చేరే ముందు

పేరు ఇచ్చే ముందు క్యాలెండర్ చూసుకోండి. క్లాసులతో పని అయిపోదు, తర్వాత ఇన్ని గంటలు సేవ చేయాలన్న లెక్క ఉంటుంది. అది పూర్తి కాకపోతే చాలాచోట్ల సర్టిఫికెట్ రాదు. ఎంతో ఇష్టంతో వచ్చినవాళ్లు కూడా ఇక్కడే ఆగిపోతారు, అదే బాధ.

బైనాక్యులర్ 8×42 (8 రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం 42 మి.మీ.) చాలు. 12 రెట్లదైతే చేయి కాస్త కదిలినా కనిపించే దృశ్యం వణుకుతుంది, పిట్టను వెతికేలోపు అది ఎగిరిపోతుంది.

చూసినవి రాసుకోవడానికి పెన్సిల్ పెట్టుకోండి. వానకు సిరా కారిపోతుంది.

మొక్కను ఫొటో తీస్తే పువ్వొక్కటే చాలదు. ఆకు అడుగువైపు, ఆకులు కొమ్మకు ఎదురెదురుగా ఉన్నాయా, ఒకటి విడిచి ఒకటి ఉన్నాయా అన్నదీ కనబడాలి. పేరు తేలేది చాలాసార్లు అక్కడే.

గూడు కనిపిస్తే దగ్గరికి వెళ్లకండి, లొకేషన్ షేర్ చేయకండి. తల్లి బెదిరి లేచిపోతే గుడ్లు చల్లబడతాయి.