ఎండాకాలంలో గుట్ట పరుగు: ఆరోహణ వేగం విషయంలో జాగ్రత్తలు

గుట్టల మీద పరుగు సాధన చేసేవారికి ఆరోహణ వేగం, అంటే గంటకు ఎన్ని మీటర్ల ఎత్తు ఎక్కగలుగుతున్నామన్న లెక్క, మంచి కొలమానమే. చలికాలంలో ఆ అంకెను పెంచుకోవాలని చూడడంలో తప్పులేదు గానీ, వరంగల్, కరీంనగర్ వైపు ఎండలు 40 డిగ్రీలు దాటే ఏప్రిల్, మే నెలల్లో దాన్ని దాటకూడని హద్దుగా పెట్టుకోవాలి.

ముందు లెక్క సరిగా ఉండాలి. మన గుట్టలు పొట్టివి. జీపీఎస్ ఎత్తు కొలతలో పది మీటర్ల తేడా వచ్చినా ముప్పై మీటర్ల ఎక్కుడుకు ఆ అంకె ఎందుకూ పనికిరాదు. మెట్లున్న చోట ఒక మెట్టు ఎత్తును టేపుతో కొలిచి, మెట్ల సంఖ్యతో హెచ్చించడమే నమ్మదగిన పద్ధతి: 15 సెంటీమీటర్ల మెట్లు 200 ఉంటే 30 మీటర్లు, వాటిని 3 నిమిషాల్లో ఎక్కితే గంటకు 600 మీటర్లు. వాలు మారితే వేగమూ మారుతుంది కనుక పద్మాక్షి గుట్ట అంకెను పాండవుల గుట్ట అంకెతో పోల్చకండి.

ఎండలు ముదరకముందే, చల్లని ఉదయాన ఈ వేగాన్ని, అప్పటి గుండె వేగాన్ని కలిపి రాసిపెట్టుకోండి. వేడిలో రక్తం చర్మం వైపు మళ్లుతుంది, చెమటతో నీరు పోతుంది. అందువల్ల అదే ఆరోహణ వేగానికి గుండె మరింత కష్టపడుతుంది. గుండె వేగాన్ని పాత స్థాయిలోనే ఉంచినప్పుడు 600 కాస్తా 540కి దిగితే అది సత్తువ తగ్గినట్టు కాదు, ఎండ ప్రభావం. పోయిన అరవై మీటర్లను పట్టుదలతో రాబట్టబోవడమే అసలు ప్రమాదం. ఒకే సాధనలో మలి ఎక్కుళ్లు పదోవంతుకు మించి మందగిస్తే ఆ రోజుకు ఆపేయడం మేలని నా అభిప్రాయం.

శరీరం వేడికి అలవాటు పడడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది కాబట్టి ఆ రోజుల్లో ఎక్కుళ్ల సంఖ్యను సగానికి తగ్గించండి. సాయంత్రం కన్నా తెల్లవారుజామే నయం, ఎందుకంటే పగలంతా కాగిన బండ పొద్దుగూకాక కూడా సెగలు కక్కుతూనే ఉంటుంది. ఒంటరిగా వెళ్లకండి. తోటివారు తూలుతున్నా, మాట తడబడుతున్నా, పొంతనలేకుండా మాట్లాడుతున్నా వడదెబ్బగా భావించి, నీడకు చేర్చి, ఒళ్లంతా నీళ్లతో తడుపుతూ విసురుతూ 108కి ఫోన్ చేయండి. స్పృహ సరిగా లేనివారికి నోట నీళ్లు పోయకూడదు.