మిలిట్రీ నాయన జీవితాన్ని పుస్తకంగా రాసుకోవాలంటే

ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకం గోడల మీద, స్వాతంత్ర్యం వచ్చాక ప్రాణాలిచ్చిన పాతిక వేలకు పైగా సైనికుల పేర్లు చెక్కి ఉన్నాయి. సర్వీసు ముగించుకుని ఊరికొచ్చి, పెన్షన్‌తో బిడ్డల్ని చదివించి, మనవళ్ళను ఎత్తుకుని, మంచంలో కన్ను మూసిన జవాను పేరు అక్కడ ఉండదు. ఉండాల్సిన పనీ లేదు, అది అమరుల గోడ. ఇలాంటి వాళ్ళ గురించి రాసి పెట్టాల్సింది ఇంట్లో వాళ్ళే. మా నాయన సిగ్నల్స్‌లో, అంటే సైన్యంలో ఫోన్లు, కబుర్ల సంగతి చూసే విభాగంలో, హవల్దారు. నెల్లూరు జిల్లాలో ఉదయగిరి దిక్కు మెట్ట ఊరు మాది. ఆయన సంవత్సరీకానికి నేనొక పుస్తకం కూర్చి బంధువులకు పంచాను. మా ప్రాంతంలో ఇంటికొక మాజీ సైనికుడున్న వీధులున్నాయి కాబట్టి, ఎట్టా చేసుకోవాలో చెబుతున్నా.

ముందు ట్రంకు పెట్టె తెరవండి. అందులో డిశ్చార్జి బుక్ ఉంటుంది. చేరిన తేదీ, ట్రేడు (అంటే చేసిన పని), ర్యాంకు, పతకాలు, విడుదలైన తేదీ అన్నీ అందులోనే ఉంటాయి. పుస్తకానికి వెన్నెముక అదే. ఇంట్లో చెప్పుకునే కథల్ని ఆ తేదీల పక్కన పెట్టి చూసుకోండి. బుక్ దొరక్కపోతే ఆయన రెజిమెంటు రికార్డ్స్ ఆఫీసుకు ఆర్మీ నంబరు, ర్యాంకు, పేరు రాసి దరఖాస్తు పెట్టండి. మద్రాస్ రెజిమెంటుకైతే వెల్లింగ్టన్, సిగ్నల్స్‌కు జబల్‌పూర్, ఆర్టిలరీకి నాసిక్ రోడ్డు, మద్రాస్ ఇంజనీర్లకు బెంగళూరు. ఎవరికి రాయాలో తేలకపోతే నెల్లూరులో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉంది, పెన్షన్ కాగితం తీసుకెళ్ళి అడగండి.

పతకాల దగ్గర జాగ్రత్త. సంగ్రామ్ మెడల్ కనిపించగానే "1971లో యుద్ధం చేశాడు" అని రాసేస్తారు. ఆ పతకం అప్పట్లో సర్వీసులో ఉన్నవాళ్ళకు విస్తారంగా ఇచ్చారు. పూర్వీ స్టార్ ఉంటే తూర్పు రంగంలో, పశ్చిమీ స్టార్ ఉంటే పడమటి రంగంలో పనిచేసినట్టు. 1965కు కూడా అంతే, యుద్ధరంగంలో పనిచేసినవాళ్ళకిచ్చిన సమర్ సేవా స్టార్ వేరు, సర్వీసులో ఉన్నవాళ్ళకు విస్తారంగా ఇచ్చిన రక్షా మెడల్ వేరు. ఆయన చెయ్యనిది ఆయన ఖాతాలో రాయొద్దు. టెలిఫోను తీగలు లాగినవాడు తీగలు లాగాడనే రాయండి. ఆ తీగ లేకపోతే ముందున్న బెటాలియనుకు కబురే అందదు. అది చిన్న పనేమీ కాదు. ఇంకో మాట, పతకాలకు బ్రాసో (ఇత్తడి మెరిపించే పాలిష్) పట్టించి తోమకండి. అంచు మీద చెక్కిన నంబరు, పేరు అరిగిపోతాయి. మెత్తటి నూలు గుడ్డలో చుట్టి పెడితే చాలు.

ఉత్తరాల మీద ఊరి పేరు ఉండదు, యూనిట్ పేరు, కింద 56 ఏ.పీ.ఓ. అనో 99 ఏ.పీ.ఓ. అనో ఉంటుంది. ఏ.పీ.ఓ. అంటే ఆర్మీ పోస్టాఫీసు. మొదటిది ఢిల్లీ మీదుగా పోయే టపా, రెండోది కలకత్తా మీదుగా. ఆ రెండు అంకెలతో మనిషి దేశంలో ఏ కొసన ఉన్నాడో కొంత తెలుస్తుంది. తేదీ కలిపి చూస్తే ఇంకా తెలుస్తుంది. ఇన్‌లాండ్ లెటర్లను మడతల దగ్గర చిరగకుండా విప్పి, కిటికీ పక్కన నీడలో పరిచి ఫోనుతో ఫోటో తీయండి. ఫ్లాష్ వద్దు, లామినేషన్ అసలే వద్దు.

ఉత్తరాల కంటే నాకు ఎక్కువ చెప్పినవి మనియార్డరు రసీదులు. వాటిని చిత్తు కాగితాలని పారేస్తుంటారు, దయచేసి పారేయకండి. మనియార్డరు ఫారానికి కింద చిన్న కూపను ఉండేది. డబ్బు అందుకున్నవాళ్ళ దగ్గర అది మిగిలేది, పంపినవాళ్ళు దాని మీద నాలుగు ముక్కలు రాయొచ్చు. అందినట్టు సంతకం చేసిన చీటీ మాత్రం పంపినవాళ్ళకు తిరిగి వెళ్ళేది. మా అమ్మ దగ్గర కూపన్లున్నాయి: "పెద్దదానికి ఫీజు కట్టు. గేదెకు తౌడు కొను. నువ్వు కండ్లు చూపించుకో." నాయన పెట్టెలో చీటీలున్నాయి, సుతిలి తాడుతో కట్టి. మొదట్లో వాటి మీద మా అవ్వ వేలిముద్ర. తర్వాత అమ్మ వేలిముద్ర. ఆ తర్వాత వంకర టింకరగా అమ్మ సంతకం. మా అక్క పలక మీద అక్షరాలు దిద్దేటప్పుడు పక్కన కూర్చుని అమ్మ కూడా నేర్చుకుందట. ఆ మొదటి సంతకం ఉన్న చీటీని నాయన విడిగా, పే బుక్‌లో పెట్టుకున్నారు. ఆయన ఎలాంటి భర్తో, తండ్రో చెప్పడానికి నేను విశేషణాలు వెతుక్కోలేదు, కూపనూ చీటీ ఎదురెదురు పేజీల్లో అచ్చు వేయించాను. మీ ఇంట్లోనూ బియ్యం డబ్బాల అడుగున, దేవుడి గూట్లో వెతకండి.

అమ్మ ఉండగానే ఆమెను అడగండి. ఏడాదికి రెండు నెలల సెలవుకు వచ్చే మనిషి, మిగతా పది నెలలు ఇల్లు నడిపింది ఆమె. ఆ పది నెలలు లేకుండా ఆయన కథ సగమే. "నాయన గురించి చెప్పమ్మా" అంటే "ఏముందిలే" అంటుంది. అట్టా అడగొద్దు. సెలవు అయిపోయి వెళ్ళేరోజు ఏం వండి కట్టిచ్చావు, నెల్లూరు స్టేషనుకు ఎవరు వెళ్ళేవాళ్ళు, జీటీ రైలు ఎక్కాక మొదటి ఉత్తరం ఎన్నాళ్ళకొచ్చేది, చిన్నోడు నాయన్ని గుర్తు పట్టాడా లేదా అని అడగండి. మా తమ్ముడు రెండేళ్ళప్పుడు ఆయన్ని చూసి అవ్వ వెనక దాక్కున్నాడట. నాయన మూడు రోజులు వాడి జోలికి పోకుండా అరుగు మీద కూర్చుని చిన్న కర్రబండి చెక్కారట. నాలుగో రోజు వాడే వచ్చి ఒళ్ళో కూర్చున్నాడు.

ఆయన జతగాళ్ళు ఎవరైనా ఉంటే ఆలస్యం చేయకుండా పోయి కలవండి. ఫోన్ వద్దు, ఎదురుగా కూర్చోండి. ఫ్యాను ఆపి, ఫోనును ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి రికార్డు చేయండి. యుద్ధం గురించి మీరుగా ఎత్తొద్దు. లంగరులో (సైన్యం వంటశాలలో) తిండి, చలి, భాష రాని మొదటి నెలలు, వీటి గురించి అడిగితే మిగతావి ఆయనే చెప్తాడు, చెప్పాలనుకుంటే. మధ్యలో ఆగిపోతే ఆగనివ్వండి, రెండోసారి అడగొద్దు.

రాసేటప్పుడు "క్రమశిక్షణకు మారుపేరు" లాంటి మాటలు నేను వాడలేదు. తెల్లారుజామున ఐదుకి లేచి దుప్పటి నాలుగు అంచులూ కలిపి మడిచేవారు, మా బడి బూట్లు ఆదివారం ఆయనే పాలిష్ చేసేవారు అని రాశాను. కోపం సంగతీ రాశాను. అన్నం పారేస్తే ఆయన నోటికి హిందీ వచ్చేది, ఇల్లంతా వణికేది. అది తీసేయమని మేనత్త అన్నది. అమ్మ ఉంచమన్నది, ఉంచాను. పిల్లలు చదివితే వాళ్ళ తాతను గుర్తు పట్టాలి కదా.

ఫోటోల వెనక పేర్లు బాల్‌పెన్నుతో కాదు, మెత్తటి పెన్సిల్‌తో రాయండి. ఆర్మీ నంబరు, పీపీఓ (పెన్షన్ మంజూరు పత్రం) నంబరు, బ్యాంకు ఖాతా కనిపించే పేజీల్ని పుస్తకంలో వేయొద్దు, వాట్సాప్‌లో అసలే పెట్టొద్దు. పెన్షనర్ల పేరు చెప్పి మోసం చేసేవాళ్ళకు అవే కావాలి. సంవత్సరీకం దాటిపోయినా పరవాలేదు, జనవరి 14 మాజీ సైనికుల దినం ఉంది. సంక్రాంతికి అందరూ ఊళ్ళోనే ఉంటారు, ఆ రోజు పంచండి. అచ్చు వేయించేటప్పుడు చివర్లో నాలుగు తెల్ల కాగితాలు వదిలేయమని చెప్పండి. చదివాక ఎవరికో ఒకరికి ఏదో గుర్తొస్తుంది, అక్కడ వాళ్ళ చేతే రాయించుకోండి.