ఐసీయూ హార్మోన్ల పాఠాలు – 4: గ్రోత్ హార్మోన్ రిపోర్టు చదవడం

గత పాఠం చివర ఇచ్చిన లెక్క ఇది: రక్తంలోని ప్రొటీన్ ఆల్బుమిన్ 1.9 మాత్రమే ఉన్న రోగిలో, అడ్రినల్ గ్రంథుల హార్మోన్ కార్టిసాల్ మొత్తం అంకె తక్కువ వచ్చింది, ఆ గ్రంథులు పనిచేయడం లేదనుకోవాలా? ముందు దానికి జవాబు. అలాంటి రోగిలో మొత్తం కార్టిసాల్ తక్కువ కనిపించినంత మాత్రాన అడ్రినల్ గ్రంథులు చేతులెత్తేశాయని కాదు. కార్టిసాల్‌ను మోసే ప్రొటీన్ తగ్గింది, దానితో అంకె కూడా తగ్గింది. ఇది మనసులో ఉంచుకోండి. ఈ పాఠంలోనూ సగం తంటా మోసే ప్రొటీన్లతోనే.

జీహెచ్ (గ్రోత్ హార్మోన్), దాని సంకేతంతో తయారయ్యే ఐజీఎఫ్-1, ఆ ఐజీఎఫ్-1ను పట్టుకుని ఉండే ప్రొటీన్లు ఐజీఎఫ్‌బీపీ-3, ఐజీఎఫ్‌బీపీ-1 ఉన్న రిపోర్టు మీ చేతికొచ్చిందనుకోండి. దేన్ని ముందు చూడాలి, దేన్ని పక్కన పెట్టాలి, ఏ మాట తొందరపడి అనకూడదు అన్నదే ఈ పాఠం.

కుళాయి, సంపు

గ్రోత్ హార్మోన్ మన కాలనీల్లో మునిసిపాలిటీ నీళ్లలా వస్తుంది. వచ్చినప్పుడు ఉధృతంగా, మిగతా వేళల్లో దాదాపు సున్నా. పీయూష గ్రంథి దాన్ని దఫాలుగా వదులుతుంది, రక్తంలో దాని అర్ధాయువు సుమారు 15–20 నిమిషాలే. ఆరోగ్యవంతుడిలో కూడా ఒక్కసారి తీసిన జీహెచ్ అంకె ఆ క్షణాన కుళాయి వస్తోందో లేదో మాత్రమే చెబుతుంది. ఆ నీళ్లు చేరే సంపు ఐజీఎఫ్-1. జీహెచ్ సంకేతంతో ఎక్కువగా కాలేయంలో తయారై, ఐజీఎఫ్‌బీపీ-3తోనూ ఏఎల్‌ఎస్ అనే మరో ప్రొటీన్‌తోనూ కలిసి పెద్ద ముద్దగా తిరుగుతుంది. విడిగా ఉన్న ఐజీఎఫ్-1 నిమిషాల్లో మాయమవుతుంది, ముద్దలో ఉన్నది గంటల తరబడి నిలుస్తుంది. అందుకే సంపు మట్టం నిలకడగా ఉంటుంది. రిపోర్టులో ముందు చూడాల్సింది ఇదే.

రోజు సంఖ్య లేకుండా రిపోర్టు చదవకండి

జబ్బు మొదలై ఎన్నో రోజు అన్నది రాయకపోతే ఈ అంకెలకు అర్థమే లేదు. తొలి రోజుల్లో, అంటే సెప్సిస్ (ఇన్ఫెక్షన్ వల్ల ఒళ్లంతా దెబ్బతినడం), పెద్ద ఆపరేషన్, కాలిన గాయాల వంటి దెబ్బ తగిలిన వెంటనే, కుళాయి ఆగకుండా వస్తుంది. దఫాలు ఎత్తుగా ఉంటాయి, దఫాల మధ్య కూడా మట్టం సున్నాకు దిగదు. అయినా సంపు ఖాళీగా ఉంటుంది. టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి వాపు సంకేతాల వల్ల కాలేయం జీహెచ్ మాట వినడం మానేస్తుంది. ఐజీఎఫ్-1తో పాటు ఐజీఎఫ్‌బీపీ-3, ఏఎల్‌ఎస్ కూడా పడిపోతాయి. ఐజీఎఫ్-1 పడిపోవడంతో పీయూష గ్రంథికి వెళ్లే 'ఇక చాలు' సంకేతం కూడా బలహీనపడుతుంది. కాలేయం ఇలా జీహెచ్ మాట వినకపోవడాన్నే జీహెచ్ నిరోధకత అంటారు. దీనివల్ల ఆ రోజుల్లో శరీరానికి లాభమే అనిపిస్తుంది: కొవ్వు కరిగి ఇంధనమవుతుంది, గ్లూకోజ్ అందుబాటులో ఉంటుంది, ఎదుగుదల పని మాత్రం వాయిదా పడుతుంది.

వారాలు గడిచాక కథ మారుతుంది. ఐజీఎఫ్-1 అప్పుడూ తక్కువే, కారణమే వేరు. బెల్జియంలోని ల్యూవెన్‌లో గ్రీట్ వాన్ డెన్ బెర్గే బృందం 1990లలో, దీర్ఘకాలం ఐసీయూలో ఉన్న రోగుల నుంచి రాత్రంతా ప్రతి 20 నిమిషాలకు రక్తం తీసి చూసింది. దఫాల్లో వచ్చే జీహెచ్ బాగా తగ్గిపోయి ఉంది. జీహెచ్‌ఆర్‌పీ-2 అనే ప్రేరకాన్ని డ్రిప్‌గా ఇస్తే దఫాలు తిరిగి వచ్చాయి, ఐజీఎఫ్-1 పెరిగింది. అంటే ఈ దశలో గ్రంథి పాడుకాలేదు, దాన్ని పై నుంచి నడిపించే సంకేతమే తగ్గింది. మొదటి దశలో పైపు మూసుకుపోయింది, రెండో దశలో కుళాయే సన్నబడింది. ఐజీఎఫ్-1 అంకె ఒక్కటే చూస్తే ఈ రెండూ ఒకేలా ఉంటాయి. విడదీసేది రోజు సంఖ్య.

శాంపిల్ దగ్గరే చెడేవి

ఆర్టీరియల్ లైన్ (ధమనిలో పెట్టిన సన్నని గొట్టం) నుంచి తీస్తుంటే లైన్ లోపల పట్టే పరిమాణానికి కనీసం రెండింతల రక్తం పక్కన తీసేయండి. నరం ద్వారా ఆహారమో గ్లూకోజో ఎక్కుతున్న దారి నుంచి శాంపిల్ తీయకండి. చేతికే డ్రిప్ ఉంటే రెండో చెయ్యి ఎంచుకోండి. గడ్డకట్టే ట్యూబులో అరగంట నిలిపి, సెంట్రిఫ్యూజ్ చేసి, సీరం వేరుచేసి, వెంటనే పరీక్షించకపోతే ఫ్రీజ్ చేసి ఉంచాలి. పదేపదే కరిగించి ఫ్రీజ్ చేయడం తప్పు. స్లిప్ మీద నాలుగు విషయాలు తప్పకుండా రాయాలి: సమయం, జబ్బు ఎన్నో రోజు, ఇన్సులిన్ డ్రిప్ ఉందా, ట్యూబ్ ఫీడ్ నడుస్తోందా. రక్తపోటు నిలబెట్టే మందు డోపమిన్ ఎక్కుతోంటే అదీ రాయండి, అది జీహెచ్‌ను అణగదొక్కుతుంది.

ల్యాబ్‌లో ఇంకో చిక్కు ఉంది. ఐజీఎఫ్-1ను మోసే ప్రొటీన్ల నుంచి విడదీసి కొలవాలి. కిట్టు ఆ పని సరిగా చేయకపోతే అంకె నమ్మదగినది కాదు. ఒక ల్యాబ్ అంకెను మరో ల్యాబ్ అంకెతో పోల్చకండి. యూనిట్ల గందరగోళానికి రెండు లెక్కలు చాలు: ఐజీఎఫ్-1 మి.లీ.కి 100 నానోగ్రాములంటే లీటరుకు సుమారు 13 నానోమోల్స్. జీహెచ్ మి.లీ.కి 1 నానోగ్రాం అంటే, ఇప్పటి ప్రమాణం ప్రకారం, లీటరుకు సుమారు 3 మిల్లీ యూనిట్లు.

ఐజీఎఫ్-1ను వయసుకు తగ్గ పరిధితోనే చూడాలి. ఇరవైల్లో ఉన్నవారికీ డెబ్భైల్లో ఉన్నవారికీ ఒకే గీత గీస్తే తప్పు. ముందే కాలేయ వ్యాధి, పోషకాహార లోపం ఉన్నవారిలో ఈ అంకె ఐసీయూకు రాకముందే తక్కువ. సెలైన్ బాగా ఎక్కించాక తీసిన శాంపిల్‌లో అన్నీ పలచబడతాయి, ఆల్బుమిన్, హిమోగ్లోబిన్ ఎలా ఉన్నాయో పక్కనే చూడండి.

రెండు ఐజీఎఫ్‌బీపీలు, రెండు స్వభావాలు

పేర్లు ఒకేలా ఉన్నా ఇవి అన్నదమ్ములు కావు. ఐజీఎఫ్‌బీపీ-3 నిల్వ గిడ్డంగి, మెల్లగా కదులుతుంది. తీవ్ర జబ్బులో దాన్ని ఎంజైములు ముక్కలు చేస్తాయి. కొన్ని పరీక్షలు ఆ ముక్కల్నీ లెక్కలోకి తీసుకుంటాయి, అంకె ఫర్వాలేదనిపించినా గిడ్డంగి పనిచేస్తున్నట్టు కాదు. ఐజీఎఫ్‌బీపీ-1 మాత్రం గంటల్లో మారుతుంది. మామూలుగా ఇన్సులిన్ పెరిగితే తగ్గుతుంది. ఐసీయూలో ఇన్సులిన్ ఇస్తున్నా ఎక్కువగానే నిలిస్తే, కాలేయం ఇన్సులిన్ మాట కూడా వినడం లేదని అర్థం. ల్యూవెన్ పరిశీలనల్లో మరణించిన రోగుల్లో ఇది బతికినవారిలో కంటే ఎక్కువగా కనిపించింది. అయితే కిడ్నీ పనిచేయకపోయినా ఇది పెరుగుతుంది, కనుక కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ చూడకుండా మాట్లాడకండి.

అనకూడని మాట

'ఐజీఎఫ్-1 తక్కువగా ఉంది, గ్రోత్ హార్మోన్ ఇద్దాం.' ఈ ఆలోచన పెద్ద పరీక్షలోకి వెళ్లింది. యూరప్‌లో జరిగిన రెండు పరీక్షల ఫలితాలు 1999లో వెలువడ్డాయి, మొత్తం 532 మంది రోగులు. బరువును బట్టి రోజుకు 5.3 లేదా 8 మిల్లీగ్రాములు, అంటే చాలా పెద్ద మోతాదు, 21 రోజుల వరకు ఇచ్చారు. ఫిన్లాండ్ పరీక్షలో హార్మోన్ తీసుకున్నవారిలో 39 శాతం, డమ్మీ మందు తీసుకున్నవారిలో 20 శాతం ఆసుపత్రిలో మరణించారు. మరోదానిలో 44, 18 శాతం. తక్కువ అంకె నింపాల్సిన లోటని అనుకోకూడదని అర్థమైంది అప్పుడే.

చేసి చూద్దాం

58 ఏళ్ల పురుషుడు, పొట్టలో చీము, ఆపరేషన్ తర్వాత వెంటిలేటర్. 3వ రోజు జీహెచ్ 7.2, ఐజీఎఫ్-1 41 (రెండూ మి.లీ.కి నానోగ్రాముల్లో), ఐజీఎఫ్‌బీపీ-1 చాలా ఎక్కువ. ఇది నిరోధకత. 24వ రోజు జీహెచ్ 1.1, ఐజీఎఫ్-1 46. ఇక్కడ 41 నుంచి 46కు పెరిగిందని సంబరపడొద్దు, అది పరీక్షలో సహజంగా ఉండే ఊగిసలాటలో పోతుంది. జీహెచ్ 1.1 కూడా దఫాల మధ్య తీసిన చుక్క కావచ్చు. అయినా మూడు వారాలు దాటాక ఐజీఎఫ్-1 ఇంతే ఉంటే, రోగి ఇంకా కోలుకునే దారిలోకి రాలేదని అనుమానించడానికి అది చాలు. నమ్మదగిన సూచన వారం తేడాతో, అదే ల్యాబ్‌లో, ఐజీఎఫ్-1, ఐజీఎఫ్‌బీపీ-3 రెండూ కలిసి లేవడం.

ఇంటికి: 34 ఏళ్ల స్త్రీ, 12వ రోజు ఐజీఎఫ్-1 38, 15వ రోజు 71. మధ్యలో ల్యాబ్ మారింది, క్రియాటినిన్ 0.9 నుంచి 3.4కు పెరిగింది, డోపమిన్ ఆపేశారు. ఈ 71లో దేన్ని ముందుగా అనుమానిస్తారు, దాన్ని తేల్చడానికి ఏ ఒక్క శాంపిల్ అడుగుతారు? వచ్చే పాఠంలో జవాబు, దానితో పాటు టీ3 పడిపోయినప్పుడు థైరాయిడ్ మాత్ర ఇవ్వాలా వద్దా అన్న సందేహం.