నల్లమల ఘాట్‌లో రైలు వికారం తగ్గింది (నా అనుభవం)

ఒంగోలు నుంచి గిద్దలూరు దాకా మనవాళ్లు తరచూ అడిగేదే: నంద్యాల రైలెక్కితే వాంతులు, ఏం చేయాలి? నాకూ దిగువమెట్ట స్టేషన్ దాటి ఘాట్ మలుపులు మొదలవగానే నోట్లో నీళ్లూరేవి, తల తిరిగేది. నిమ్మకాయ వాసన, సోడా, ఖాళీ కడుపు, పడుకోవడం, ఏదీ పనిచేయలేదు.

ఈసారి ఎక్కేముందు రెండు ఇడ్లీలు తిన్నా, కారప్పొడి లేకుండా. బోగీ మధ్యలో, బండి వెళ్లే వైపు ముఖం ఉండే కిటికీ సీటు అడిగి తీసుకున్నా. చక్రాల మీదుండే చివరి సీట్లలో ఊపు ఎక్కువ. దిగువమెట్ట రాకముందే ఫోన్ సంచిలో పెట్టేశా. అసలు కిటుకు ఆ తర్వాతే. పక్కన వెనక్కి పరిగెత్తే చెట్లను వదిలేసి, దూరంగా నిలకడగా కనిపించే కొండ అంచునే చూస్తూ కూర్చున్నా. కదులుతున్నామని లోపలి చెవి అంటుంది, చేతిలో ఫోన్ చూసే కన్ను లేదంటుంది. ఆ తగవుకే కడుపు తిప్పేది. సొరంగంలో చూడ్డానికి ఏమీ ఉండదు కాబట్టి తల వెనక్కి ఆనించి కళ్లు మూసుకున్నా, వెలుతురు రాగానే మళ్లీ కొండ మీదికి చూపు. చెలమ, గాజులపల్లె స్టేషన్లు హాయిగా దాటాయి. నల్లమల ఇంత పచ్చగా ఉంటుందని అప్పుడే తెలిసింది!

అందరికీ పడుతుందని చెప్పలేను. శ్రీశైలం బస్సులో నాకే సగం పనిచేసింది. జ్వరమో చెవినొప్పో ఉంటే మాత్రం ముందు డాక్టరుకు చూపించుకోండి.